బొమ్మలాఫీసులో ఛాయాఫలకం

మా కార్యాలయం అసలు పేరు సూక్ష్మరూప నిర్మాణ విభాగం. బోర్డు మీద అలాగే ఉంటుంది. ఊళ్లో ఆటోవాళ్లకు మాత్రం బొమ్మలాఫీసు అంటేనే తెలుస్తుంది. ప్రభుత్వం కట్టబోయే వంతెనలకూ, కడతామని చెప్పి మరిచిపోయిన భవనాలకూ చిన్న చిన్న నమూనాలు తయారుచేయడం మా పని. మా పని అంటే నిజానికి పోతులూరాచారిగారి ఒక్కరి పని. మిగిలిన పదకొండుమందిమీ ఆయన పనిచేస్తున్నట్టు కాగితాల మీద రాస్తూ ఉంటాం. అందులో నేను జూనియర్ అసిస్టెంటును.

ఆచారిగారి బల్ల పన్నెండడుగుల పొడవు. దాని మీద బంక గొట్టాలు, సగం విరిగిన బ్లేళ్లు, మూతల్లేని రంగు సీసాలు, పాల డబ్బాలో కుంచెలు, కొబ్బరిచిప్పలో గుండుసూదులు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. నేల చూపించడానికి ఎండబెట్టిన టీపొడి, గడ్డి చూపించడానికి ఆకుపచ్చ రంగేసిన రంపపు పొట్టు, చెట్లు చేయడానికి గిన్నెలు తోమే పీచు కూడా అక్కడే. కొత్తవాళ్లకు అదొక చెత్తకుప్పలా కనిపించేది. ఆయన మాత్రం తల ఎత్తకుండా ఎడమచెయ్యి చాపితే సన్న పట్టకారు, కుడిచెయ్యి చాపితే మూడో నంబరు కుంచె వచ్చి చేతిలో పడేవి. నా పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన ఒక వస్తువు కోసం వెతకడం నేను చూడలేదు.

ఆ సంవత్సరం మాకు వచ్చిన పని ఏటిగడ్డపాలెం. నల్లగుండ్ల జలాశయం కింద మునిగిపోయిన ఊరు అది. ఊరివాళ్లను ఖాళీ చేయించి కాలనీకి తరలించిన రోజున, వేదిక మీద ఒక పెద్దమనిషి ఆవేశంలో మాట ఇచ్చేశాడు: "మీ ఊరు ఎక్కడికీ పోదు! అచ్చుగుద్దినట్టు నమూనా చేయించి మీ కాలనీ హాల్లో పెట్టిస్తాం!" మర్నాడు అది పేపర్లో పడింది. పడింది కాబట్టి ఫైలు తెరవక తప్పలేదు.

ఊరికి ఫొటోలు లేవు. సర్వే పటంలో గీతలూ నంబర్లూ ఉన్నాయి గాని గడపలూ అరుగులూ లేవు. అందుకని కాలనీ నుంచి ఇద్దరు పెద్దవాళ్లు ప్రతి సోమవారం బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చి, ఆచారిగారి బల్ల పక్కన కూర్చుని ఊరు చెప్పేవారు. ఒకామె గురవమ్మ. డెబ్బై నాలుగేళ్లు, కుడికంట్లో శుక్లం. రెండో ఆయన యల్లమంద. ఆమెకన్నా ఆరేళ్లు పెద్ద. పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే పనిలో జీవితమంతా ఊరి చుట్టూ తిరిగిన మనిషి కాబట్టి ప్రతి సందూ ఆయన కాళ్లకు తెలుసు.

"సుబ్బులు ఇంటి వాకిలి తూరుపుకి పెట్టినావేంది ఆచారయ్యా? అది ఉత్తరం గదా!" అనేది గురవమ్మ, కంటిని అట్ట గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి.

"ఉత్తరం గాదు, మూలకి వొంకర. తాగినోడు కట్టిన గోడ అది" అనేవాడు యల్లమంద.

ఆచారిగారు మారుమాట్లాడకుండా గోడ పీకి, తాగినవాడు కట్టినట్టే మళ్లీ అంటించేవారు. అలా తొంభై ఇళ్లలో యాభై లేచాయి. వాగు ఒడ్డున ఉన్న సందుతో సహా నలభై మిగిలిపోయాయి.

అప్పుడు మా డిప్యూటీ డైరెక్టర్ హేమసుందర్ గారిని రాజధానిలో అయిదు రోజుల శిక్షణకు పంపారు. శిక్షణ పేరు 'కార్యస్థల సౌష్ఠవం'. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చాక తన బల్ల మీది పెన్ను కదిలితే స్కేలు పెట్టి కొలిచి మళ్లీ అక్కడే పెట్టడం మొదలుపెట్టారు. మూడోరోజున అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా! ఉత్పాదకతకు ప్రథమ శత్రువు అస్తవ్యస్తత. ప్రతి వస్తువుకూ ఒక స్థానం, ప్రతి స్థానంలోనూ ఒక వస్తువు. ఈ ద్విసూత్ర ప్రాతిపదికన మన విభాగాన్ని రాష్ట్రానికే ఆదర్శప్రాయంగా తీర్చిదిద్దుకోబోతున్నాం."

ఆచారిగారు లేచి నిలబడ్డారు. "సార్, నా వస్తువులకి స్థానం ఉందండి. నా చెయ్యి."

"చెయ్యి స్థిరమైనది కాదు ఆచారిగారూ. కదులుతూ ఉంటుంది. సమస్యంతా అక్కడే ఉంది" అన్నారు హేమసుందర్ గారు ప్రేమగా. ఆయన చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పుకోవాలి.

గోడకు ఎనిమిదడుగుల చెక్కపలక బిగించారు. దాని పేరు ఛాయాఫలకం. ఒక్కో పనిముట్టు ఆకారాన్నీ నల్లరంగుతో దాని మీద గీయాలి. గీసిన చోట మేకుకు ఆ పనిముట్టు వేలాడాలి. వస్తువు లేకపోతే నీడ ఒక్కటే కనిపించి, లేదని ఇట్టే తెలిసిపోతుంది. గీయగలిగిన మనిషి ఆఫీసులో ఒక్కరే కాబట్టి ఆ పని ఆచారిగారికే పడింది. ఏటిగడ్డపాలెం ఆగిపోయింది. ఆయనకు ఏదీ నాసిగా చేయడం రాదు. ఒక్కో నీడకూ మూడు పూతలు వేసి, అంచున మెరుపు తేల్చి మూడు వారాల్లో పూర్తిచేశారు. మర్నాడు మా అటెండరు జోజి కాగితం కత్తిరించడానికి కత్తెర తీసుకోబోయి, గీసిన నీడనే కత్తెర అనుకుని రెండుసార్లు పలకను గీరాడు.

డబ్బాలకు పేర్లు పెట్టే పని నాకప్పగించారు. నిజం చెప్పాలంటే చాలా ఉత్సాహంగా చేశాను. బంక 'సంలగ్నకారక ద్రవ్యం' అయింది. గిన్నెలు తోమే పీచు 'వృక్షాభాస తంతుజాలం' అయింది. ఎండు టీపొడికి 'శుష్క మృత్తికాభాస చూర్ణం' అని పెట్టి, ఆ పేరు నాకే ముద్దొచ్చి ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను.

"టీపొడి అయిపోయిందని పొద్దున్నే చెప్పాను. తెచ్చారా?" అంది.

ఆఫీసులో జోజి కాచుకునే అసలు టీపొడి కూడా అదే పేరు కిందికి వచ్చింది. ఆ రోజు నుంచి టీ కావాలంటే, ఏ నేలను చిత్రించడానికో రాసి ఇవ్వాల్సి వచ్చేది.

మొదటి నెలాఖరున తనిఖీ బృందం వచ్చింది. కార్యాలయం సౌష్ఠవాన్ని బట్టి అయిదింటికి ఇన్నని నక్షత్రాలు ఇచ్చేది వాళ్లే. బృందం నాయకుడు బంక గొట్టాన్ని దాని నీడ మీద ఆనించి చూశాడు. నీడ ఆరంగుళాలు, గొట్టం నాలుగు.

"ఈ రెండంగుళాలు ఏమైనట్టు?"

"వాడానండి" అన్నారు ఆచారిగారు.

"వాడితే తగ్గుతుందని తెలియదా?"

"తెలుసండి."

"తెలిసీ వాడారా?"

మాకు మూడు నక్షత్రాలే వచ్చాయి. మర్నాడు ఉత్తర్వు వెలువడింది. 'క్షీణించు స్వభావము గల వస్తువులను ఉద్యోగులు ఎట్టి పరిస్థితులలోను క్షీణింపజేయరాదు.' పెన్సిలు చెక్కడం ఆగిపోయింది. గరుకు కాగితం రుద్దడం ఆగిపోయింది. రంగు సీసాలకు కొత్తగా మూతలు తెచ్చి సీలు వేశారు.

క్షీణించని వస్తువులతో ఇంకో చిక్కు వచ్చింది. పట్టకారు తీస్తే పలక మీద నీడ బయటపడుతుంది. సరిగ్గా అప్పుడు తనిఖీ వస్తే అది 'రిక్తస్థానం', ఒక మార్కు కోత. అందుకని పట్టకారు తీయాలంటే ముగ్గురు సంతకం చేయాలన్నారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. పొద్దున పదింటికి పెట్టిన కాగితం సంతకాలన్నీ పూర్తిచేసుకుని మూడున్నరకు ఆచారిగారి చేతికొచ్చేది. నాలుగింటికల్లా పట్టకారు తిరిగి మేకు మీద ఉండాలి. ఆ అరగంటలో ఆయన ఒక కిటికీ బిగించేవారు. రోజుకొక కిటికీ. ఏటిగడ్డపాలెంలో ఇంకా రెండు వందల కిటికీలు ఉన్నాయి.

సోమవారాలు గురవమ్మా యల్లమందా వస్తూనే ఉన్నారు. పలకను మొదటిసారి చూసినప్పుడు గురవమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

"ఇదేంది ఆచారయ్యా, పనిముట్లకి గుడి గట్టినారా? ముట్టుకోగూడదా?"

"ముట్టుకోవచ్చమ్మా. సంతకాలు కావాలి."

యల్లమంద కూర్చోబోతే జోజి పరుగెత్తుకొచ్చి కుర్చీ లాగేశాడు. ఆ కుర్చీ కాళ్లకు నేల మీద గీతలున్నాయి, అది కదలకూడదు. అప్పటికి నేల మీద ఆచారిగారి స్టూలుకూ ఆయన రెండు పాదాలకూ కూడా గీతలు గీశాం. ఆయన మంచినీళ్లకు లేస్తే పాదాల నీడలు ఖాళీగా కనిపించేవి. యల్లమంద ఆ రోజు రెండు గంటలు నిలబడే, వాగొడ్డు సందులో మొదటి మూడిళ్లు చెప్పాడు. ఆచారిగారు చెవితో విన్నారు. చెక్కిన పెన్సిలు లేదు కాబట్టి రాసుకోలేకపోయారు.

నాలుగు సోమవారాల తరువాత గురవమ్మ ఒక్కతే వచ్చింది.

"యల్లమంద రాలేదామ్మా?" అన్నారు ఆచారిగారు.

"పోయినాడయ్యా. శుక్కురారం." ఆమె గోడకానుకుని నేల మీద కూర్చుంది. అక్కడ గీతలేమీ లేవు, జోజి ఊరుకున్నాడు. "వాగొడ్డు సందు ఆయనకి మొత్తం తెలుసు. నాకు సగమే తెలుసు. ఆ సగమన్నా పోకముందే కట్టు నాయనా."

ఆచారిగారు పాదాల గీతల్లోంచి లేచి, నేరుగా హేమసుందర్ గారి గదిలోకి వెళ్లారు. ఆయన గొంతు పెద్దదవడం నేను వినడం అదే మొదలు.

"సార్, ఊరు మునిగింది. ఇప్పుడు ఊరు తెలిసినవాళ్లు పోతున్నారు. నా పట్టకారు నాకివ్వండి."

హేమసుందర్ గారు నిజంగానే బాధపడ్డారు. నన్ను పిలిచి, విభాగం తరఫున సంతాప తీర్మానం రాయమన్నారు. తరువాత ఆచారిగారి భుజం మీద చెయ్యి వేశారు. "బుధవారం అయిదు నక్షత్రాల తనిఖీ. అది దాటనివ్వండి. ఆ తరువాత మీ ఊరే మన ప్రథమ ప్రాధాన్యం."

తనిఖీ అయ్యేలోగా ఎవరూ పొరపాటున కూడా ఏదీ తీయకుండా పలకకు అద్దాల తలుపులు పెట్టించారు. నొక్కితే పడిపోయే తాళం. తాళంచెవి కూడా వస్తువే కదా, దానికీ ఒక స్థానం ఉండాలి. పలక మీద కుడివైపు పైమూలన ఆచారిగారి చేత దాని నీడ కూడా గీయించారు. బుధవారం పొద్దున్న హేమసుందర్ గారు స్వయంగా తాళంచెవిని దాని మేకుకు తగిలించి, వెనక్కి జరిగి, తలుపు నొక్కారు. టక్కుమంది.

జోజి అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు.

"సార్, తాళంచెవి లోపలుండిపోయిందండి" అన్నాడు జోజి.

"ఉండాల్సిన చోటే ఉంది" అన్నారు హేమసుందర్ గారు.

అద్దం పగలగొట్టాలంటే సుత్తి కావాలి. సుత్తి లోపల ఉంది.

ఆ బుధవారం మాకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అయిదోది తుది పరిశీలన తరువాత ఇస్తామన్నారు. మధ్యాహ్నం ఆచారిగారు ఇరవై రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టారు. కారణం అన్న చోట 'పని ఉన్నందున' అని రాశారు. అది వెంటనే మంజూరైంది. ఆయన పాదాల నీడలు ఖాళీగా ఉండకూడదని జోజిని స్టూలు మీద కూర్చోబెట్టారు. జోజి మనిషి భారీ. నాలుగువైపులా గీతలు దాటి బయటికి వచ్చేవాడు. ఊపిరి బిగబట్టి కూర్చోమని రోజూ చెప్పాల్సి వచ్చేది.

పది రోజుల తరువాత హేమసుందర్ గారు నన్ను పిలిచారు. "విశ్వనాథం, ఆచారిగారి దగ్గర కొలిచే టేపొకటి ఉండిపోయిందని తేలింది. మెమో ఇచ్చి తీసుకురండి. ఆయన ఆ కాలనీలో ఉన్నారట."

కాలనీ హాలు తలుపు తీసి ఉంది. లోపల నేల మీద పరిచిన చెక్క మీద సగానికి పైగా ఊరు లేచి నిలబడి ఉంది. ఆఫీసులో ఆగిపోయిన యాభై ఇళ్లనూ అట్టపెట్టెల్లో పెట్టి బస్సులో తెచ్చుకున్నారట. మిగిలినవి ఇక్కడే కడుతున్నారు. చుట్టూ ముప్పైమంది ఆడవాళ్లూ మగవాళ్లూ కూర్చున్నారు. ఆచారిగారి చేతిలో గోళ్లు కత్తిరించుకునే కట్టరు ఉంది. గురవమ్మ కోడలు కనుబొమల వెంట్రుకలు పీక్కునే చిన్న పట్టకారు ఇచ్చింది. ఎవరో జడ పిన్నులు తెచ్చారు, ఎవరో గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చారు. బంకకు గంజి, వాసాలకు చీపురుపుల్లలు. నేలకు మాత్రం టీపొడి వాడలేదు. జలాశయం అంచు నుంచి బకెట్టుతో తెచ్చిన మట్టి వాడుతున్నారు. అదంతా ఆయన చుట్టూ గుట్టగా పడి ఉంది. ఆయన తల ఎత్తకుండా చెయ్యి చాపుతున్నారు, వస్తువు వచ్చి పడుతోంది.

నేను మెమో ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశారు. "కాగితం మందంగా బాగుంది" అని బ్లేడుతో నిలువునా కోసి, రెండు ఇళ్లకు కప్పు వేశారు. "ఇంకేమన్నా మెమోలు తెచ్చావా?"

లేవన్నాను. కూర్చోమన్నారు. ఒక చీపురుపుల్ల, ఒక కట్టరు నా చేతిలో పెట్టి, అర్ధంగుళం ముక్కలు కావాలన్నారు. సాయంత్రం దాకా కత్తిరించాను. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నా చేత్తో తయారైన మొదటి వస్తువులు ఆ వాసాలు. అవి ఏ ఇంటి కప్పు కింద ఉన్నాయో ఇప్పటికీ చూపించగలను.

వాగొడ్డు సందు దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగిపోయారు. గురవమ్మ కళ్లు మూసుకుని, రెండు వేళ్లను కాళ్లలా చేసి నేల మీద నడిపించింది.

"ఈడ రాయుంటది. కాలికి తగులుద్ది. దాటినాక చెన్నమ్మ గడప. ఈడ దిగుడు. వానొస్తే జారుద్ది. ఇది యల్లమంద ఇల్లు."

"ఇంటి ముందర అరుగుందామ్మా?" అన్నారు ఆచారిగారు.

"ఉండాది."

"ఎంత ఎత్తు?"

ఆమెకు తెలియలేదు. చుట్టూ ఎవరికీ తెలియలేదు. కాసేపటికి ఆమె అంది: "ఆయన దాని మీద కూకుంటే కాళ్లు నేలకి ఆనేయి గాదు. ఊపుకుంటా ఉండేవోడు."

ఆచారిగారు యల్లమంద ఎంత పొడవుండేవాడో ఆయన కొడుకును అడిగి, మోకాలి ఎత్తు లెక్కగట్టి, దానికి ఇంకొంచెం కలిపి అరుగు కట్టారు. గురవమ్మ దాన్ని చూపుడువేలితో తడిమి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయి, చాలాసేపటికి తిరిగొచ్చి సుబ్బులు వాకిలి గురించి మళ్లీ తగువు పెట్టుకుంది.

సెలవు అయిపోయేనాటికి ఊరు పూర్తయింది. ఆ వార్త తెలిసి హేమసుందర్ గారు పొంగిపోయారు. విభాగం తయారుచేసిన నమూనా విభాగంలో ఆమోదం పొందాకే కాలనీకి వెళ్లాలి కాబట్టి ఆఫీసుకు తెమ్మన్నారు. ఎనిమిదిమంది దాన్ని ట్రాక్టరెక్కించి, గతుకులొచ్చిన ప్రతిచోటా దించి మోసుకుంటూ తెచ్చారు. వెనక గురవమ్మ ఆటోలో వచ్చింది. అదే రోజు తుది పరిశీలన. బృందం అప్పటికే ఆఫీసు హాల్లో ఉంది.

నమూనాను గది మధ్యలో దించారు. బృందం నాయకుడు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కిందికి వంగి చూశాడు. ఊరిని కాదు, నేలను.

"దీనికి గీతలేవి?"

హేమసుందర్ గారి ముఖం పాలిపోయింది.

"కార్యస్థలంలో స్థానం కేటాయించని వస్తువు ఉండరాదు. ఇది ఏ వర్గం? మీ జాబితాలో నమూనాలనే వర్గమే లేదు" అన్నాడు బృందం నాయకుడు.

అది నిజం. పట్టకారుకు స్థానం ఉంది, చీపురుకు స్థానం ఉంది, తాళంచెవికి స్థానం ఉంది. మేం తయారుచేసేదాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తట్టలేదు. తయారవుతుందని ఎవరూ అనుకోలేదు.

"పది నిమిషాల్లో తొలగించండి" అన్నారు హేమసుందర్ గారు నాతో, గొంతు తగ్గించి. వెనక గుమ్మంలోంచి ఏటిగడ్డపాలెం రెండోసారి ఖాళీ అయింది. మాకు అయిదో నక్షత్రం వచ్చింది. మా ఫలకాన్ని చూడటానికి మిగతా జిల్లాల నుంచి ఇప్పటికీ బస్సుల్లో వస్తున్నారు. ఆచారిగారు ఆ సాయంత్రమే స్వచ్ఛంద పదవీ విరమణకు కాగితం పెట్టి, ట్రాక్టరులో నమూనా పక్కన కూర్చుని వెళ్లిపోయారు.

ఆమోదం మాత్రం మిగిలిపోయింది. ఫైలు మూయాలంటే అది కావాలి. అందుకని వారం తరువాత హేమసుందర్ గారూ నేనూ కాలనీకి వెళ్లాం. హాల్లో ఊరి చుట్టూ జనం ఉన్నారు. ఆయన నిజంగా ముగ్ధుడయ్యారు. చాలాసేపు చూసి, చివరికి ఆగలేక అడిగారు.

"బాగుంది. కానీ ఒక్క చీటీ కూడా లేదు. ఏ ఇల్లు ఎవరిదో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"నన్నడగండి" అంది గురవమ్మ. ఆయన చూపించిన చోటల్లా వేలు పెట్టి చెప్పింది. తొంభై ఇళ్లకూ యజమానులు, వాళ్ల పిల్లలు, ఏ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో, అన్నీ. మధ్యలో ఒక్కసారి ఆగి నీళ్లు తాగింది.

హేమసుందర్ గారు ఆ సాయంత్రం నివేదిక రాయించారు. నేనే రాశాను. పది రోజుల్లో పై నుంచి ఉత్తర్వు వచ్చింది. దాన్ని తీసుకెళ్లి గురవమ్మకు చదివి వినిపించే పని కూడా నాదే అయింది. 'సదరు నమూనాకు ప్రత్యేకముగా చీటీల అవసరము లేదు. శ్రీమతి గురవమ్మను సదరు నమూనాకు చీటీగా పరిగణించి, సంఖ్య 001 కేటాయించడమైనది. నమూనాకు ఈశాన్య దిశన మూడడుగుల దూరములో, ఆరడుగులకు మూడడుగుల స్థలమును ఆమె స్థానముగా నిర్ణయించడమైనది.'

గురవమ్మ శ్రద్ధగా విన్నది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"ఊరు మునిగినాక నాకింత జాగా సూపియ్యండయ్యా అని మూడేళ్లు మీ ఆఫీసులన్నీ తిరిగినా" అంది. "ఒక్కడు సూపీలా. ఇప్పుడు చీటీనైనాక ఇచ్చినారు."

తరువాత కోడల్ని కేకేసి, నులకమంచం తెప్పించి, నన్ను ఈశాన్యం ఎటో చూపించమంది.